గుర్రానికి గొంగడి కప్పే ముందు...

"కీబోర్డు ముందు కూర్చునేవాడివి, నీకు గుర్రాల గొడవెందుకయ్యా?" అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. తార్నాకలో ఉండేవాడికి గుర్రాల గొడవ తప్పదన్నది నా జవాబు. కార్తీకమాసం వచ్చిందంటే చాలు, హబ్సిగూడ నుంచి లాలాపేట దాకా ఉన్న ఫంక్షన్ హాళ్ళ ముందు వారానికి రెండు మూడు బరాత్‌లు. బ్యాండు, జనరేటర్ బండి, లైట్ల గొడుగులు, మధ్యలో జరీ గుడ్డలు కప్పుకున్న తెల్ల గుర్రం, దాని మీద బిక్కుబిక్కుమంటూ పెళ్ళికొడుకు. ఆఫీసు క్యాబ్‌లో నలభై నిమిషాలు ఆ గుర్రం వెనకే ఇరుక్కున్న రోజులు నాకు చాలానే ఉన్నాయి. మార్గశిరం దాటి పుష్యంలో ముహూర్తాలు లేకపోయినా నిఖాలుంటాయి కాబట్టి చలికాలమంతా గుర్రానికి పనే.

ఆ మాటకొస్తే ఈ వైపుకి గుర్రాలేం కొత్త కాదు. 19వ శతాబ్దంలో హైదరాబాదు గుర్రప్పందేలు మొదలైంది ఇక్కడికి దగ్గర్లోని మౌలాలిలోనే. ఆరో నిజాం కాలంలో అవి మలక్‌పేటకి తరలిపోయాయి. పందెం గుర్రాలు పోయాయిగానీ పెళ్ళి గుర్రాలు మిగిలాయి.

సరే, అసలు విషయానికొస్తా.

2023 డిసెంబరు. అప్పుడు నేను ఆన్‌సైట్‌లో ఉన్నాను. మా కాలనీవాళ్ళు చాలామంది పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో వాకింగ్ చేస్తారు. క్యాంపస్ అంటే మీకు తెలిసిందే, వందల ఎకరాలు, చెట్లు. ఊరంతా ఒక చలి అయితే ఆర్ట్స్ కాలేజీ ముందు ఇంకో చలి. మంకీ క్యాప్, స్వెటర్, మఫ్లర్, ఒకాయనకైతే చేతులకు గ్లౌజులు కూడా. అలా వెళ్ళొస్తూ దారిలో ఖాళీ స్థలంలో కట్టేసి ఉన్న మూడు గుర్రాల్ని చూశారు. వాటి మీద ఏమీ లేదు. "అయ్యో పాపం, ఇంత చలిలో..." అని వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారు. గంటలో చందాలు పోగయ్యాయి. సాయంత్రానికల్లా మూడు ఫ్లీస్ రగ్గులు కొన్నారు. మందంగా, మెత్తగా, పువ్వుల డిజైనుతో ఉన్నవి. వాటికి తాళ్ళు కుట్టించి గుర్రాల ఆయనకిచ్చారు, ఫోటో దిగారు. మంచి మనసుతో చేసిన పనే, అందులో వంక పెట్టడానికేం లేదు.

నేను జనవరిలో తిరిగొచ్చేసరికి ఆ మూడింట్లో పెద్ద గుర్రానికి (ఆడగుర్రం) మూపు దగ్గర చర్మం ఒరుసుకుపోయి పుండు పడింది. వీపంతా చెమటకాయల్లాంటి పొక్కులు. జీను వెయ్యడానికి లేదు. రెండు బరాత్‌ల బేరం పోయింది. మూడు గుర్రాలు, నలుగురు మనుషులు ఆ డబ్బుల మీదే బతికే ఇంట్లో రెండు బరాత్‌లు పోవడమంటే మనకి నెల జీతం ఆగినట్టే.

గుర్రాలాయన్ని అందరూ చాచా అంటారు, నేనూ అంతే. "చాచా, మధ్యాహ్నం ఎండలో కూడా రగ్గు తియ్యలేదా?" అని అడిగాను.

"ఎట్ల తీస్త సార్? పొద్దున వాకింగ్ సార్లొస్తరు. రగ్గు లేకుంటే ఫోటో తీస్తరు. మొన్నొక మేడమ్ 'నీ మీద కంప్లైంట్ ఇస్త' అన్నది. నై సార్, గుర్రంకి చలి లేదు. సార్లకి చలి ఉంది."

ఆ ఆఖరి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మన ఫీల్డులో దీనికి పేరుంది. రిక్వైర్‌మెంట్స్ యూజర్ని అడక్కుండా మన డెస్కు దగ్గర కూర్చుని రాసుకోవడం. ఇక్కడ యూజరు గుర్రం. అది మాట్లాడదు. కానీ చెప్తుంది. అదెలాగో నాకు అర్థం కావడానికి ఇద్దరు గురువులు కావాల్సి వచ్చింది. ఒకరు చాచా, ఇంకొకరు మా మేనత్త కొడుకు. వాడు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదువుకుని పశువుల డాక్టరయ్యాడు.

వాణ్ణి ఒక ఆదివారం తార్నాకకి రప్పించాను. గుర్రాన్ని చూసి, పుండుకి మందిచ్చి, మా ఇంట్లో చాయ్ తాగుతూ క్లాసు పీకాడు. నాకు అర్థమైనంతలో సారాంశం ఇది.

మనకి ఒంటి మీద బట్టల్లేకపోతే 25 డిగ్రీలకే కాస్త చల్లగా అనిపిస్తుంది. గుర్రం కథ వేరు. పెద్ద గుర్రాల మీద, చల్లటి దేశాల్లో వేసిన లెక్కల ప్రకారం సుమారు 5 డిగ్రీల నుంచి 25 డిగ్రీల దాకా అది తన ఒంటి వేడి నిలబెట్టుకోవడానికి ప్రత్యేకంగా ఏమీ కష్టపడక్కర్లేదు. మన వాతావరణానికి అలవాటు పడ్డ గుర్రానికి ఈ అంకెలు కొంచెం పైకి జరగొచ్చు, అంతే. ఇప్పుడు మన ఊరి సంగతి చూడండి. డిసెంబరులో హైదరాబాదులో రాత్రి సగటున 14, 15 డిగ్రీలు. మధ్యాహ్నం 28. ఈ ఊరి రికార్డు చలి 1946 జనవరిలో నమోదైన 6.1 డిగ్రీలు. అంటే మన చరిత్రలోనే అతి చల్లటి రాత్రి కూడా ఆరోగ్యంగా, పొడిగా, కడుపునిండా తిన్న గుర్రానికి ప్రాణం మీదకొచ్చేదేం కాదు. దానికి ఇబ్బంది నిజానికి మధ్యాహ్నం 28 డిగ్రీల దగ్గరే, అదీ ఫ్లీస్ రగ్గు కింద.

రెండోది వెంట్రుక. గుర్రానికి చలికాలం వెంట్రుక చలి వల్ల రాదట, పగలు తగ్గడం వల్ల వస్తుందట. పగటి వెలుతురు తగ్గుతుంటే ఒంటికి సిగ్నల్ వెళ్తుంది, మందపాటి వెంట్రుక మొలుస్తుంది. మనకి జూన్ పగలుకీ డిసెంబరు పగలుకీ తేడా రెండు గంటలే కాబట్టి ఐరోపా గుర్రాల్లా ఎలుగుబంటి వేషం రాదు, కొద్దిగా మందమవుతుంది. చలేసినప్పుడు ఆ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. మధ్యలో గాలి చిక్కుకుంటుంది. ఆ గాలే దుప్పటి. మనం పైన ఒక పల్చటి గుడ్డ కప్పి బిగించి కడితే ఆ వెంట్రుకలు అణిగిపోతాయి, గాలి పొర పోతుంది. ఉన్న దుప్పటి లాక్కుని వేరే దుప్పటి ఇచ్చినట్టు!

మూడోది గడ్డి. నాకు బాగా నచ్చింది ఇదే. గుర్రం తిన్న ఎండుగడ్డి దాని పెద్దపేగుల్లో పులుస్తుంది. ఆ పులిసే పనిలో వేడి పుడుతుంది. అంటే లోపలొక కుంపటి నడుస్తున్నట్టు. రాత్రి చలి ఎక్కువుంటుందనుకుంటే ఇంకో రెండు మోపుల గడ్డి వెయ్యడం అన్నిటికంటే మంచి మందు. "మీ కాలనీవాళ్ళు ఆ రగ్గుల డబ్బులతో గడ్డి కొనిస్తే ఏ గొడవా ఉండేది కాదు బావా" అన్నాడు మావాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని మనవాళ్ళు ఊరికే అన్లేదు.

ఇంతవరకూ చదివితే గుర్రానికి అసలు ఏమీ కప్పక్కర్లేదు అనిపిస్తుంది. మావాడు చెప్పింది అక్కడితో ఆగితే నేనూ అదే అనుకునేవాణ్ణి. కానీ చాచా దగ్గర ఇంకో సగం కథ ఉంది.

బరాత్ రాత్రి గుర్రం పరిస్థితి చూడండి. సాయంత్రం ఏడింటికి జీను, దాని మీద వెల్వెట్, దాని మీద జరీ, అద్దాలు, గజ్జెలు. పైన డెబ్భై ఎనభై కిలోల పెళ్ళికొడుకు, ఒక్కోసారి ముందొక తోడు పెళ్ళికొడుకు. చుట్టూ టపాకాయలు, డీజే, జనం. గుర్రం భయంతోటీ బరువుతోటీ కూడా చెమట పడుతుంది. గుర్రంలా చెమట పట్టే జంతువు మనిషి తప్ప ఇంకోటి దాదాపు లేదనే చెప్పాలి. మెడ మీద, పగ్గాలు రాసుకునే చోట తెల్లగా నురగ కడుతుంది. రాత్రి పదకొండున్నరకి బరాత్ హాలు చేరింది, పెళ్ళికొడుకు దిగాడు, సామాను విప్పారు. ఇప్పుడు తడిసిన ఒళ్ళు, 15 డిగ్రీల గాలి, అలిసిపోయిన గుర్రం. వెంట్రుకలు తడిగా ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి కాబట్టి ఆ గాలి పొర లేదు. ఆరే చెమట ఒంటి వేడిని లాగేస్తుంది. మావాడు చెప్పిన "ఆరోగ్యంగా, పొడిగా" అన్న షరతులో "పొడిగా" అన్న ముక్క ఇక్కడ ఎగిరిపోయింది.

"గప్పుడు గావాలె సార్ కంబల్. గప్పుడు ఎవరు ఫోటో తియ్యరు" అన్నాడు చాచా.

మావాడికి ఫోన్ చేసి అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు. పని చేసొచ్చిన గుర్రాన్ని ఆరబెట్టడానికే ఉన్ని రగ్గు కప్పుతారట. ఇంగ్లీషు గుర్రపుశాలల్లో దాన్ని కూలర్ అంటారు. పేరు చూసి చల్లబెట్టేది అనుకోకండి, చల్లారేటప్పుడు తోడుండేది అన్నమాట. ముందు గుర్రాన్ని పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిపించి ఊపిరి మామూలు కానివ్వాలి. తర్వాత గడ్డి చుట్టతోనో గోనెపట్టాతోనో ఒళ్ళు తుడవాలి. ఆపైన ఉన్ని కప్పి ఇంకాస్త నడిపించాలి. అరగంటో ముప్పావు గంటో. ఒళ్ళు ఆరాక తీసెయ్యాలి. తియ్యడం మర్చిపోతే మళ్ళీ మొదటికే.

ఉన్నే ఎందుకు, ఫ్లీస్ ఎందుకు కాదు? ఇది కాస్త సైన్సు, ఓపిక పట్టండి. ఉన్ని పోగు తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమని ఆవిరి రూపంలో లోపలికి పీల్చుకుంటుంది, అయినా చేతికి తడి తగలదు. పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడి కూడా పుడుతుంది. చెమట ఆవిరి గుర్రం ఒంటి నుంచి ఉన్నిలోకి, ఉన్ని నుంచి బయటికి పోతుంది. చాచా చాలా ఏళ్ళ క్రితం వాడిన పాత కంబళి కప్పినప్పుడు పైన మంచు బిందువుల్లా నీళ్ళు కనిపించేవనీ, లోపల చెయ్యి పెడితే పొడిగా ఉండేదనీ చెప్పాడు. జరిగేది అదే. పాలిస్టర్ పోగు ఆ పని చెయ్యదు. అందులోనూ గుర్రాల కోసం నేసినవి కొన్ని చెమటని బయటికి పంపేలా ఉంటాయి. మావాళ్ళు కొన్నది మాత్రం మనుషులు పడుకునే రగ్గు.

ఇంకో సంగతి మనకి ముఖ్యం. టపాకాయలు. పాలిస్టర్ సుమారు 250, 260 డిగ్రీల దగ్గర కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు, నిప్పురవ్వ పడితే నల్లగా మాడి అక్కడే ఆరిపోతుంది. బరాత్‌లో గుర్రం మీద మెరిసే గుడ్డల్లో ఎక్కువ భాగం పాలిస్టరేనన్న సంగతి మీ ఇంటి పెళ్ళిలో పదివేల వాలా అంటించే ముందు గుర్తుంచుకోండి.

సరే, ఉన్ని రగ్గు కావాలి. ఎక్కడ దొరుకుతుంది? ఆన్‌లైన్లో వెతికితే విదేశీ కూలర్ల ధర చూసి నేనే కళ్ళు మూసుకున్నా. ఇంగ్లండులో విట్నీ అనే ఊరు వందల ఏళ్ళు ఉన్ని కంబళ్ళకి పేరు పడ్డది, అక్కడి మిల్లు 2002లో మూతపడింది. అంత దూరం దేనికి? మన దగ్గర గొంగడి ఉందిగా అని తట్టింది. ఎందుకు తట్టిందంటే మాది జనగామ వైపు. మా ఊళ్ళో కురుమల ఇళ్ళు చాలా ఉండేవి. నల్ల దక్కనీ గొర్రెలకి ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించడం, ఆడవాళ్ళు వడకడం, చింతగింజల గంజి పట్టించి గుంటమగ్గం మీద నెయ్యడం చిన్నప్పుడు చూసినవాణ్ణే. వానకి గొంగడి, చలికి గొంగడి, పరుచుకోడానికి గొంగడి, తలమీద కొప్పెరలా వేసుకుంటే ఎండకీ గొంగడి. గద్దర్ భుజం మీద చూసి పట్నంవాళ్ళకి అదొక పాటల వస్త్రంలా తెలుసుగానీ మా దిక్కు అది పనిముట్టు.

గుర్రానికీ ఉన్నికీ సంబంధం మన దేశానికి కొత్త కాదు. జీను కింద వేసే ఉన్ని పట్టాని ఉర్దూలో నమ్దా అంటారు. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ విని 'నమ్నా' అని పట్టుకెళ్ళారు, ఇప్పటికీ వాళ్ళ గుర్రాల సామాను కొట్లలో ఆ మాట ఉంది. చాచాకి ఇది చెప్తే, "నమ్దా మనదే కదా సార్, వాళ్ళకి ఉన్ని ఉంటే మనకి మాట ఉంది" అని నవ్వాడు.

మా ఇంట్లో మా తాత గొంగడి ఉంది. వడ్ల కుప్పల దగ్గర రాత్రి కాపలాకి కప్పుకునేవాడు. ఆయన పోయి పదేళ్ళు దాటినా అమ్మ దాన్ని యాపాకులు వేసి సందుగలో దాచింది. గుర్రం కోసం అడిగాను.

"గది మీ తాతదిరా. గుర్రానికి కప్పుతవా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

నేను చాచా గుర్రం సంగతంతా చెప్పాను. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత సందుగ తెరిచి గొంగడి దులిపి, ఎండలో వేసి, సాయంత్రం మడిచి నా చేతిలో పెట్టింది. "సందుగల ఉంటే పురుగు దింటది. ఎవనికో వెచ్చగుంటే మంచిదే గద" అంది. తూకం వేస్తే సుమారు రెండున్నర కిలోలుంది. అరవై ఏళ్ళ కింద నేసిన గుడ్డ, ఒక్క చిల్లు తప్ప చెక్కుచెదరలేదు.

కప్పే పద్ధతి చాచా చూపించాడు. ముందు పాత నూలు పంచె ఒకటి గుర్రం వీపు మీద పరిచాడు, గొంగడి గరుకు కాబట్టి. తర్వాత గొంగడిని మెడ మీదికి బాగా ముందుకు వేసి, తోక వైపుకి మెల్లగా జరిపాడు. వెంట్రుక వాలు ఎటుంటే అటే జరపాలి. వెనక నుంచి ముందుకి లాగితే వెంట్రుకలు ఎదురు తిరిగి గుర్రాన్ని గుచ్చుతూనే ఉంటాయి. ముందున్న రెండు మూలల్నీ పైకి మడిచి మూపు దగ్గర కలిపితే త్రికోణంలా ముక్కు వచ్చింది. ఆ ముక్కుని వెనక్కి మడిచి దాని మీద నడుంపట్టీ, అదే తంగు, కట్టాడు. పట్టీ కింద వెన్నుపూసకి ఇటొకటి అటొకటి గుడ్డ మెత్తలు పెట్టాడు. వెన్నుపూస మీద నేరుగా బరువు పడకూడదు, పట్టీ కింద నాలుగు వేళ్ళు ఆడాలి. గొంతు దగ్గర, రొమ్ము దగ్గర బిగించి కట్టేది ఏదీ ఉండకూడదు. ఫ్లీస్ రగ్గు ఒరిపిడి పెట్టింది సరిగ్గా అక్కడే. ఇంగ్లండులో పాతకాలం సైసులు విట్నీ కంబళిని కప్పే పద్ధతి కూడా ఇంచుమించు ఇదేనని తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. గుర్రం వీపు ఎక్కడైనా గుర్రం వీపే కదా.

ఇక "యూజర్ని అడగడం" ఎలాగంటే చెయ్యి రగ్గు లోపలికి పెట్టి మూపు వెనక, భుజం మీద తాకి చూడాలి. గోరువెచ్చగా, పొడిగా ఉంటే సరే. చెమటగా జిగటగా ఉంటే వెంటనే తీసెయ్యాలి. చల్లగా ఉండి, గుర్రం తోక ముడుచుకుని ఒంటికి బిగించి గాలికి వీపు పెట్టి నిలబడినా, వణుకుతున్నా, అప్పుడది చలి. వట్టి చెవులు చల్లగా ఉన్నాయని కంగారు పడక్కర్లేదు. పొద్దున ఎండెక్కాక ఏ రగ్గైనా దిగాల్సిందే. మన సర్వర్లకి మానిటరింగ్ పెట్టకుండా ప్రొడక్షన్లోకి పంపం కదా. రోజుకి రెండుసార్లు లోపల చెయ్యి పెట్టి చూసే మనిషి లేనప్పుడు రగ్గు కప్పకపోవడమే మేలు.

చెమట సంగతి కాకుండా ఇంకెప్పుడు కప్పాలి? ముసలి గుర్రం, పక్కటెముకలు కనిపించే గుర్రం, జబ్బు పడి లేచింది, చిన్న పిల్ల, వెంట్రుక కత్తిరించిన పందెం గుర్రం... వీటికి చలి రాత్రుల్లో కావాలి. డిసెంబరు వాయుగుండానికి ముసురు పట్టి తడిసిన గుర్రానికి కావాలి. కానీ ముందు చూరు కిందికి తెచ్చి తుడిచి, ఆ తర్వాతే. ఉన్నిని వానలో పైకప్పుగా వాడకూడదు. నీళ్ళు తాగితే మోయలేనంత బరువెక్కుతుంది. ఏప్రిల్, మే బరాత్‌లకి ఏ రగ్గూ వద్దు. నీడ, ఒంటి మీద నీళ్ళు, గాలి, తాగడానికి నీళ్ళు, అంతే. ఒక గుర్రం గొంగడి ఇంకో గుర్రానికి వెయ్యకూడదు, తామర లాంటివి అలాగే పాకుతాయి. ఉతకాల్సొస్తే చన్నీళ్ళు, నీడ. వేణ్ణీళ్ళు పోస్తే ముడుచుకుపోయి గుర్రానికి కాదు, మేకపిల్లకి సరిపోతుంది.

2024 ఫిబ్రవరిలో, అంటే మాఘమాసం ముహూర్తాల్లో, పుండు మానాక మొదటి బరాత్‌కి వెళ్ళొచ్చిన రాత్రి ఎలా ఉందో చూద్దామని పన్నెండున్నరకి వెళ్ళాను. గుర్రం మీద ఏమీ లేదు, గడ్డి నములుతోంది. గొంగడి చాచా భుజాల చుట్టూ ఉంది. పక్కనే ఆయన మనవడు కాలనీవాళ్ళిచ్చిన పువ్వుల ఫ్లీస్ రగ్గులో ముసుగు తన్ని పడుకున్నాడు.

నేనేమీ అడగలేదు. ఆయనే అన్నాడు: "గుర్రం ఎండింది సార్. ఇప్పుడు నా వంతు."

గుర్రం మెడ మీద చెయ్యి పెట్టాను. పొడిగా, వెచ్చగా ఉంది. ఫ్లీస్ రగ్గు ఎవరికి పనికొస్తుందో కూడా ఆ రాత్రే తెలిసింది. ఆ మూడు గుర్రాల ఫోటో తీసిన రోజు, వాటి పక్కనే గోనెపట్టా మీద పడుకున్న పిల్లవాడు ఫ్రేములోకి రాలేదు. ఎవర్నీ తప్పు పట్టడానికి చెప్పట్లేదు. జంతువు మీద జాలి తేలిక. దాన్ని సాకే మనిషి మీద మనకి ముందు అనుమానం వస్తుంది, జాలి తర్వాతెప్పుడో. కంప్లైంట్ భయంతో గుర్రానికి తెలిసీ తెలిసీ చెడు చెయ్యాల్సి రావడం కంటే ఆ మనిషికి అవమానం ఏముంటుంది చెప్పండి?

మిగతా రెండు గుర్రాలకీ గొంగళ్ళు కొందామని ఊరికెళ్ళాను. నిజమైన చిక్కు అక్కడ తగిలింది. నేసే ముసలాయన మగ్గం గుంట చూపించాడు, అందులో కోడిపిల్లలు తిరుగుతున్నాయి. నల్ల ఉన్ని లేదట. మాంసానికి గిరాకీ పెరిగి ఎక్కడ చూసినా నెల్లూరు జాతి గొర్రెలే వచ్చాయి. దానికి ఉన్ని ఉండదు, మేక లాగా వట్టి వెంట్రుకే. 2017లో మొదలైన ప్రభుత్వ గొర్రెల పంపిణీలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ మీద ఇచ్చారు. పక్క రాష్ట్రాల నుంచి కొనుక్కొచ్చిన వాటిలోనూ ఇవే చాలా ఉన్నాయి. పెంచుకునేవాళ్ళకి డబ్బులొస్తే నాకేం అభ్యంతరం? కాకపోతే ఒక దక్కనీ గొర్రె ఏడాదంతా ఇచ్చే ఉన్ని కిలోలోపే, దాన్ని కొనేవాడు లేకపోతే కత్తిరించిన కూలి కూడా గిట్టదు. కత్తిరించి పారబోస్తున్నారు కొన్నిచోట్ల. "ఎక్కడ వేసిన గొంగళి అక్కడే" అని మన ప్రాజెక్టుల మీటింగుల్లో సామెత వాడుతుంటాం. ఇప్పుడు గొంగడి అక్కడ కూడా లేదు, సామెతే మిగిలింది.

అయినా వెతికాం. ఆ ముసలాయనే ఇంకో రెండూళ్ళ అవతల మంద ఉన్న బంధువుకి ఫోన్ చేశాడు. మూడు నెలలు పట్టింది. ఆయన చెప్పిన ధర మా కాలనీలో ఒకరు ఎక్కువన్నారు. గొర్రె కత్తిరించిన దగ్గర్నుంచి మగ్గం దిగేదాకా ఎంతమంది చేతులు ఎన్ని రోజులు పడ్డాయో లెక్కేసి చెప్పాను. మన బిల్లింగ్ రేటులో ఒక్క రోజు కూడా కాదది. ఇంక ఎవరూ మాట్లాడలేదు.

2024 చలికాలానికి గ్రూపు చందా ఇలా ఖర్చయింది: ఒక ట్రాలీ ఎండుగడ్డి, ఉత్తరం గాలి ఆగేలా ఒక పక్కకి టార్పాలిన్, రెండు గొంగళ్ళు, చాచా ఇంటికి రెండు రగ్గులు. నేనొక కాగితం రాసి గోడకి అంటించాను, తెలుగులో ఒకటి, పక్కన ఉర్దూలో ఒకటి: "గుర్రాలకి గడ్డి ఉంది, అవి బానే ఉన్నాయి. అనుమానముంటే ఈయన్ని అడిగి చెయ్యి పెట్టి చూడండి." మొదట్లో నవ్వారుగానీ, ఇప్పుడు గ్లౌజులాయన రోజూ పొద్దున్నే గ్లౌజు విప్పి మరీ గుర్రం మూపు మీద చెయ్యి పెట్టి చూసి వెళ్తున్నాడు.

మీ ఇంట్లో పెళ్ళికి గుర్రం మాట్లాడుకునేటప్పుడు ఒక మాట గుర్తు పెట్టుకోండి. గుర్రాన్ని ఆరబెట్టడానికి ముప్పావు గంట కావాలి. ఆ ముప్పావు గంటలో ఇంకో బరాత్ దొరుకుతుందేమోనని గుర్రాలాయన పరిగెత్తేది మనం బేరమాడి తగ్గించిన డబ్బుల కోసమే. బ్యాండు వాళ్ళకిచ్చే దాంట్లో ఒక చిన్న ముక్క ఆ ముప్పావు గంటకి ఇచ్చి, "గుర్రాన్ని ఆరనిచ్చి తీసుకెళ్ళు చాచా" అనండి. కప్పడానికి ఉన్ని కంబళి ఉందా అని కూడా అడగండి. లేదంటే, మీ అమ్మమ్మగారి ఊళ్ళో ఏ సందుగలోనైనా ఒకటి మడతపెట్టి ఉందేమో కనుక్కోండి.